స్కూల్ బస్సులో మీ బిడ్డకు సీటు ఉందా? బెల్టు గురించి, బెల్టు కన్నా ముందు అడగాల్సిన వాటి గురించి

ప్రతి ఏడాదీ జూన్‌లో బడులు తెరిచే ముందు తిరుపతి, చిత్తూరు ఇళ్లలో ఒకే లెక్క నడుస్తుంది. ఫీజు ఎంత, పుస్తకాలు ఎంత, యూనిఫాం ఎంత, బస్సుకు ఎంత. బస్సు దగ్గరికి వచ్చేసరికి తల్లిదండ్రులు అడిగేవి రెండే ప్రశ్నలు. నెలకు ఎంత తీసుకుంటారు? పొద్దున ఎన్ని గంటలకు వస్తుంది? మూడో ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. మా బిడ్డ ఎక్కడ కూర్చుంటుంది?

ఆ మూడో ప్రశ్నే అన్నింటికన్నా పెద్దది. ఎందుకంటే జూన్, జూలై మన జిల్లాల్లో మామిడి కాలం. దామలచెరువు మండీకి, గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్లే ట్రాక్టర్లు, లారీలు రోడ్డు పక్కన బారులు తీరి ఉంటాయి. తిరుపతిలో కొండకు వచ్చే యాత్రికుల బండ్లు ఏడాది పొడుగునా తగ్గవు. చిత్తూరు నుంచి బెంగళూరు దారిలో మొగిలి ఘాట్, తిరుపతి నుంచి పీలేరు వైపు పోతే భాకరాపేట ఘాట్. భాకరాపేట దగ్గర 2022 మార్చిలో నిశ్చితార్థానికి వెళ్తున్న బస్సు లోయలో పడింది. మొగిలి ఘాట్‌లో 2024 సెప్టెంబరులో ఆర్టీసీ బస్సు, లారీ ఢీకొన్నాయి. రెండు చోట్లా ప్రాణాలు పోయాయి. పెద్దలు ప్రయాణించే ఈ రోడ్ల మీదనే మన పిల్లల బస్సులూ, ఆటోలూ తిరుగుతున్నాయి.

బెల్టు అసలు ఏం చేస్తుంది?

బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతుంటే లోపల కూర్చున్న బిడ్డ కూడా అదే వేగంతో పోతున్నట్టే. బండి దేన్నైనా గుద్దుకుని ఆగిపోతే బండి ఆగుతుంది గానీ బిడ్డ ఆగదు. ముందు సీటో, అద్దమో, ఇనుప కడ్డీయో అడ్డం వచ్చేదాకా ఆ వేగంతోనే ముందుకు పోతుంది. ఆ తగిలే దెబ్బ దాదాపు 20 అడుగుల ఎత్తు నుంచి, అంటే రెండంతస్తుల మిద్దె మీద నుంచి కింద పడితే తగిలేంత దెబ్బ. 40 అంటే ఊళ్లో మామూలు వేగం, దాన్ని ఎవరూ స్పీడ్ అని కూడా అనుకోరు.

"ఒళ్లో పెట్టుకుని గట్టిగా పట్టుకుంటాంలే" అనే మాట ప్రతి ఇంట్లోనూ వినబడుతుంది. లెక్క చూడండి. 20 కిలోల బిడ్డ, 40 వేగం, సెకనులో పదో వంతులో బండి ఆగిపోయింది అనుకుంటే ఆ క్షణంలో బిడ్డను ఆపడానికి కావాల్సిన బలం 200 కిలోల బరువును మోసేంత. ఏ అమ్మీ చేతుల్లోనూ అంత బలం ఉండదు. ప్రేమ తక్కువై కాదు, చేతులకు అంత శక్తి లేక.

బెల్టు ఆ బలాన్ని ఒంట్లో గట్టిగా ఉండే ఎముకల మీదికి, తుంటి మీదికి, భుజం మీదికి పంచుతుంది. అందుకే అది ఎక్కడ పడుతుందన్నది ముఖ్యం. కింది పట్టీ పొట్ట మీద కాదు, తొడలు మొదలయ్యే చోట తుంటి ఎముక మీద ఉండాలి. పై పట్టీ మెడకు ఒరుసుకోకుండా భుజం మధ్య నుంచి రావాలి. పొట్ట మీద ఉన్న పట్టీ బిడ్డను ఆపుతుంది గానీ లోపలి పేగులకు దెబ్బ తగిలిస్తుంది. ఒకే బెల్టులో ఇద్దరు పిల్లల్ని కలిపి కట్టడం అసలు చేయకూడదు.

బెల్టు లేని బస్సులో కాపాడేది సీటే

మన ఊళ్లలో తిరిగే స్కూల్ బస్సుల్లో చాలావాటిలో పిల్లల సీట్లకు బెల్టులు ఉండవు. మరి ఆ బస్సులన్నీ పనికిరానివేనా? అలా అనలేం. ఇక్కడ అమెరికా అనుభవం ఒకటి తెలుసుకోవాలి.

అక్కడ పెద్ద స్కూల్ బస్సులకు 1977 నుంచి ఒక పద్ధతి ఉంది. సీట్లు దగ్గరదగ్గరగా, వీపు భాగం ఎత్తుగా, మెత్తగా పెడతారు. బస్సు ఎదురుగా దేన్నైనా గుద్దితే బిడ్డ ముందున్న మెత్తటి సీటుకు తగిలి అక్కడే ఆగుతుంది. గుడ్లను అట్టపెట్టెలో అరల్లో పెట్టినట్టు. బస్సు బరువు, ఎత్తు కూడా కొంత కాపాడతాయి. అయితే బస్సు పల్టీ కొడితే, పక్క నుంచి గుద్దితే ఈ పద్ధతి పని చేయదు. 2015 నవంబరులో అక్కడి రోడ్డు భద్రతా సంస్థ అధిపతి ప్రతి స్కూల్ బస్సులో ప్రతి బిడ్డకూ మూడు చోట్ల పట్టే బెల్టు ఉండాలని ప్రకటించారు. మరుసటి ఏడాది నవంబరులో చాటనూగా అనే ఊళ్లో వేగంగా పోతున్న స్కూల్ బస్సు చెట్టును గుద్ది ఆరుగురు పిల్లలు చనిపోయారు. ఆ తరువాత 2018లో, కొత్తగా వచ్చే పెద్ద బస్సుల్లో బెల్టులు తప్పనిసరి చేయాలని అక్కడి ప్రమాదాల దర్యాప్తు సంస్థ రాష్ట్రాలకు సిఫార్సు చేసింది.

దీని నుంచి మనకు తెలిసేది ఏంటంటే బెల్టు ఉంటే మంచిది, ఘాట్ రోడ్డు ఉన్న చోట మరీ మంచిది. బెల్టు లేకపోతే సీటే కాపాడాలి. అది కాపాడాలంటే ప్రతి బిడ్డకూ సొంత సీటు ఉండాలి, బిడ్డ ముందుకు తిరిగి, వీపు ఆనించి కూర్చుని ఉండాలి. ఇద్దరి సీటులో నలుగురు కూర్చున్నా, నడిచే దారిలో నిలబడినా, డ్రైవర్ పక్కన ఇంజిన్ మీద కూర్చున్నా ఆ బిడ్డకు ఏ రక్షణా లేనట్టే. ముందు సీటు వెనక వైపు మెత్త లేకుండా ఇనుప రాడ్డు బయటికి కనబడితే, ఆ రాడ్డే బిడ్డ పళ్లకు, నుదుటికి తగిలే వస్తువు. బస్సు ఎక్కి ఒకసారి చేత్తో తడిమి చూడండి.

"మంటలు వస్తే బెల్టులో ఇరుక్కుంటారు కదా?"

2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో ప్రైవేటు బస్సు తగలబడిపోయిన తరువాత ఈ భయం చాలామందిలో పెరిగింది. భయం న్యాయమైనదే. అయితే బస్సు కాలుతున్నప్పుడు బయటపడాలంటే ముందు బిడ్డకు స్పృహ ఉండాలి, కాళ్లు పని చేయాలి. గుద్దిన దెబ్బకే తల పగిలితే తలుపు తెరిచి ఉన్నా బయటికి రాలేదు. బెల్టు బిడ్డను స్పృహలో ఉంచుతుంది. ఒక్క బటన్ నొక్కితే ఊడిపోతుంది. కాబట్టి పెట్టుకోవడంతో పాటు ఊడదీయడం కూడా పిల్లలకు ఇంట్లో నేర్పాలి, కళ్లు మూసుకుని తీయగలిగేంతగా. వెనక ఉన్న ఎమర్జెన్సీ తలుపు ఎలా తెరుచుకుంటుందో స్కూలువాళ్లు ఏడాదిలో ఒకటి రెండుసార్లు చేయించి చూపించాలి. ఆ తలుపుకు అడ్డంగా అదనపు సీటో, సంచుల మూటో పెట్టి ఉంటే అది తలుపు కాదు, గోడ.

బస్సు చుట్టూ పది అడుగులు

బస్సు లోపల గురించి ఇంత మాట్లాడినా, బిడ్డకు చాలా ప్రమాదం బస్సు బయట ఉంటుంది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు. తెలుగు పేపర్లలో ప్రతి ఏడాదీ వచ్చే ఒక వార్త ఉంది. అక్కనో అన్ననో బస్సు ఎక్కించడానికి అమ్మ వస్తుంది. వెంట రెండు మూడేళ్ల చిన్నవాడు కూడా వస్తాడు. అమ్మ పెద్దబిడ్డ సంచీ అందించేలోపు చిన్నవాడు బస్సు ముందుకో, వెనకచక్రం దగ్గరికో పోతాడు. డ్రైవర్‌కు కనబడడు. బస్సు కదులుతుంది.

ఇందులో డ్రైవర్ చూడకపోవడం ఒక్కటే కారణం కాదు. ఎత్తైన సీటులో కూర్చున్న మనిషికి బస్సు ముక్కుకు ఆనుకుని నిలబడ్డ మూడడుగుల బిడ్డ ఎంత చూసినా కనబడదు. అందుకే బస్సు చుట్టూ పది అడుగుల మేర ప్రమాద స్థలం అనుకోవాలి. ఇంట్లో పాటించాల్సినవి కొన్ని ఉన్నాయి. చిన్నబిడ్డను ఇంట్లో దాదీ దగ్గరో నానీ దగ్గరో వదిలి రండి. కుదరకపోతే చంకన ఎత్తుకోండి, చెయ్యి పట్టుకోవడం చాలదు. బస్సు పూర్తిగా ఆగి తలుపు తెరిచేదాకా నాలుగైదు అడుగుల వెనకే నిలబడాలి. దిగిన బిడ్డ రోడ్డు దాటాలంటే బస్సు వెళ్లిపోయాకే దాటాలి, లేదా ఆయా చెయ్యి పట్టి దాటించాలి. పెన్సిల్ బాక్సు బస్సు కిందికి పోయినా వంగి తీసుకోకూడదు, ముందు డ్రైవర్‌కు చెప్పాలి. బస్సు వెనక్కి తీసేటప్పుడు కచ్చితంగా ఎవరో ఒకరు దిగి వెనక చూడాలి. ఆయా లేని బస్సులో ఈ పని చేసేవాళ్లే ఉండరు. ఆయా గురించి స్కూలును గట్టిగా అడగడానికి ఇదే కారణం.

రూల్స్ ఏమంటున్నాయి?

1997లో సుప్రీంకోర్టు ఎం.సి.మెహతా కేసులో స్కూల్ బస్సుల గురించి ఆదేశాలు ఇచ్చింది. అప్పటి నుంచి వచ్చిన నియమాల్లో తల్లిదండ్రులు చూడగలిగినవి ఇవి: బస్సు పసుపు రంగులో ఉండాలి, స్కూలు పేరు, ఫోన్ నంబరు కనబడాలి, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, మంటలార్పే సిలిండర్ ఉండాలి, కిటికీలకు అడ్డకడ్డీలు, తలుపుకు గట్టి గడియ ఉండాలి, పిల్లల్ని చూసుకునే మనిషి ఉండాలి. స్కూల్ బస్సుకు స్పీడ్ గవర్నర్ తప్పనిసరి.

మన రాష్ట్రంలో స్కూల్ బస్సుల ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు ప్రతి ఏడాదీ మే 15తో అయిపోతుంది. బడులు తెరిచేలోపు బస్సును రవాణాశాఖ అధికారులకు చూపించి కొత్త సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. డ్రైవర్ వయసు 60 దాటకూడదు. 15 ఏళ్లు దాటిన బస్సును పిల్లల కోసం నడపకూడదు. బస్సుల పరిస్థితి చూడడానికి తల్లిదండ్రుల కమిటీ ఉండాలి.

సర్టిఫికెట్ ఉందో లేదో తెలుసుకోవడానికి ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు. ఫోన్‌లో కేంద్ర ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్ వేసుకుని బస్సు నంబరు కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉన్నాయో చూపిస్తుంది. జూన్ మొదటి వారంలో రెండు నిమిషాల పని.

డ్రైవర్ మారితే అదీ తెలుసుకోండి. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటులో స్కూల్ బస్సును రైలు గుద్దింది. పదిమందికి పైగా పిల్లలు పోయారు. రోజూ వచ్చే డ్రైవర్ సెలవులో ఉంటే వేరే మనిషి బస్సు నడిపాడని అప్పట్లో వార్తలు వచ్చాయి. దారి తెలియని కొత్త డ్రైవర్ వచ్చిన రోజు స్కూలు నుంచి మెసేజ్ రావాలని అడగడం తల్లిదండ్రుల హక్కు.

ఆటో లెక్క: నెలకు 200 రూపాయల తేడా

బస్సు ఫీజు కట్టలేని ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. వాళ్ల పిల్లలు ఆటోలోనో, వ్యాన్‌లోనో పోతారు. నడిపేవాడు చాలాసార్లు మన మొహల్లా మనిషే, పిల్లలు చాచా అని పిలిచేవాడే. అతను చెడ్డవాడై పన్నెండు మందిని ఎక్కించడం లేదు. లెక్క సరిపోక ఎక్కిస్తున్నాడు. ఆ లెక్కను విప్పి చూస్తే దారి దొరుకుతుంది.

ఉదాహరణకు ఆరు సీట్ల పెద్ద ఆటోలో పన్నెండు మంది పిల్లలు, మనిషికి నెలకు 800 అనుకుందాం. మొత్తం 9,600. ఆరుగురినే ఎక్కిస్తే 4,800 వస్తుంది, దాంతో డీజిల్, కిస్తీ, ఇల్లు నడవవు. అదే పన్నెండు మందిని రెండు ట్రిప్పులుగా తీసుకెళ్తే? రోజుకు ఇంకో 16 కిలోమీటర్లు తిరగాలి. రోజుకు 0.6 లీటర్ల డీజిల్ అనుకుంటే 25 రోజులకు 15 లీటర్లు. లీటరు 100 చొప్పున 1,500 రూపాయలు. డ్రైవర్ టైముకు ఇంకో 900 కలపండి. మొత్తం 2,400. పన్నెండు ఇళ్లు పంచుకుంటే ఇంటికి 200.

పిల్లలు ఇరుక్కుని, ఒకరి ఒళ్లో ఒకరు, సంచులు బయట వేలాడేసి, డ్రైవర్ పక్కన ఇద్దరు కూర్చుని పోవడానికీ, ప్రతి బిడ్డా సీటులో కూర్చుని పోవడానికీ మధ్య తేడా ఈ ఉదాహరణలో నెలకు 200. దూరాన్ని బట్టి అంకెలు మారతాయి, లెక్క వేసే పద్ధతి మారదు. ఒక్క ఇల్లు అడిగితే డ్రైవర్ "వేరే ఆటో చూసుకోండి" అంటాడు. పన్నెండు ఇళ్లు కలిసి కూర్చుని "ఇంత ఇస్తాం, ఇంతమందినే ఎక్కించు" అంటే అతనికీ నష్టం లేదు.

చట్టం ప్రకారం చూసినా ఇదే లాభం. మోటారు వాహనాల చట్టంలో 2019లో వచ్చిన మార్పుల ప్రకారం ఆర్‌సీలో ఉన్న సీట్ల కన్నా ఎక్కువమందిని ఎక్కిస్తే అదనపు మనిషికి 200 చొప్పున జరిమానా. ఆరుగురు ఎక్కువైతే ఒక్కసారికే 1,200. పైగా అదనంగా ఉన్నవాళ్లను దించి, వేరే బండి ఏర్పాటు చేసేదాకా ఆ ఆటోను కదలనివ్వకూడదు.

తెల్ల నంబరు ప్లేటు ఉన్న సొంత వ్యాన్‌లో, కారులో పిల్లల్ని కిరాయికి తీసుకెళ్లేవాళ్లూ ఉన్నారు. చవకగా దొరుకుతుంది. అయితే సొంత బండి ఇన్సూరెన్స్ కిరాయి వాడకానికి వర్తించదని పాలసీలోనే రాసి ఉంటుంది. ఏదైనా జరిగితే పరిహారం కోసం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగాల్సి రావచ్చు. పిల్లల కిరాయి బండికి పసుపు ప్లేటు ఉందో లేదో చూసుకోవాలి.

రంజాన్ రోజుల్లో

ఇటీవలి ఏళ్లలో రంజాన్ ఫిబ్రవరి, మార్చి నెలల్లో, బడి నడిచే రోజుల్లోనే వస్తోంది. సహరీకి లేచిన డ్రైవర్‌కు నిద్ర తక్కువ. సాయంత్రం ఇఫ్తార్ టైముకు ఇంటికి చేరాలనే తొందర అందరికీ ఉంటుంది. రోడ్డు మీద ఆ అరగంట చాలా ప్రమాదకరం. మక్తబ్ నుంచో, ట్యూషన్ నుంచో పిల్లల్ని తెచ్చే ఆటోలకు ఇఫ్తార్‌కు కనీసం ముప్పావుగంట ముందే చేరేలా టైము పెట్టండి. ఆటోలో నాలుగు ఖర్జూరాలు, నీళ్ల సీసా ఉంచితే డ్రైవర్ దారిలో పక్కకు ఆపి ఇఫ్తార్ చేసుకోవచ్చు. పరుగెత్తాల్సిన పని లేదు.

నిద్రపోయిన బిడ్డ

2022 సెప్టెంబరులో ఖతర్‌లోని అల్ వక్రాలో కేరళ కుటుంబానికి చెందిన నాలుగేళ్ల పాప స్కూల్ బస్సులో నిద్రపోయింది. ఎవరూ చూడకుండా బస్సుకు తాళం వేసి వెళ్లిపోయారు. ఎండకు లోపలే చనిపోయింది. ప్రభుత్వం ఆ కిండర్‌గార్టెన్‌ను మూసేసింది. మన ఇళ్ల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు చాలామంది కాబట్టి ఈ వార్త అప్పట్లో ఇక్కడా కలచివేసింది. మన ఎండలు ఖతర్ కన్నా ఏమంత తక్కువ కాదు, మూసిన బండి లోపల వేడి నిమిషాల్లో పెరుగుతుంది.

దీనికి ఖర్చు లేని పద్ధతి ఉంది. ట్రిప్పు అయ్యాక ఆయా చివరి సీటుదాకా నడిచి ప్రతి సీటూ, సీటు కిందా చూసి దిగాలి. బిడ్డ బడికి రాకపోతే క్లాసు మొదలైన అరగంటలో ఇంటికి ఫోన్ రావాలి. అలాగే బిడ్డను మాన్పించిన రోజు తల్లిదండ్రులు ముందే చెప్పాలి. చెప్పే అలవాటు లేని చోట, ఫోన్ చేసే అలవాటు కూడా పోతుంది.

ఇంటి కారు, ఇంటి స్కూటర్

కారులో 14 ఏళ్లలోపు బిడ్డకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా బండి నడిపితే 194-బి సెక్షన్ కింద 1,000 రూపాయల జరిమానా. వెనక సీటులో బెల్టు ఎందుకులే అనేవాళ్లు 2022 సెప్టెంబరు 4ను గుర్తుచేసుకోవాలి. టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ ఖరీదైన కారులో వెనక సీటులో, బెల్టు లేకుండా కూర్చుని పాల్ఘర్ దగ్గర ప్రమాదంలో చనిపోయారు. చిన్నపిల్లల్ని ముందు సీటులో కూర్చోబెట్టకూడదు. ఎయిర్‌బ్యాగ్ పెద్దలకు సరిపోయేలా తయారైంది, అది తెరుచుకునే వేగానికి చిన్నబిడ్డ తట్టుకోలేదు.

స్కూటర్ మీద నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలి. 9 నెలల నుంచి 4 ఏళ్ల బిడ్డ అయితే 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం నడిపేవారికి కట్టే పట్టీ, బిడ్డ సైజు హెల్మెట్ కావాలి, వేగం 40 దాటకూడదు. ముందు ఒకరు, వెనక ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టుకుని బడికి దింపడం చట్టానికీ విరుద్ధం, పిల్లలకూ ప్రమాదం. బురఖా, చున్నీ చక్రంలో పడకుండా వెనక చక్రానికి కవరు ఉండాలన్నది కూడా రూలే. కొన్నాక దాన్ని పీకేయించకండి.

ఈ వారమే చేయగలిగినవి

స్కూలులో ఈ ప్రశ్నలు అడగండి. మా బిడ్డ రూటులో ఎన్ని సీట్లు, ఎంతమంది పిల్లలు? బెల్టులు ఉన్నాయా, లేకపోతే ఎప్పుడు పెట్టిస్తారు? ఆయా ఎవరు? ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఎప్పటిదాకా ఉంది? డ్రైవర్ మారితే ఎవరు చెబుతారు? ట్రిప్పు అయ్యాక సీట్లు ఎవరు చూస్తారు? జవాబులు నోటితో కాకుండా కాగితం మీద ఇవ్వమనండి. ఒకే రూటులో ఉన్న తల్లిదండ్రులు కలిసి వెళ్తే స్కూలు వింటుంది. వినకపోతే తిరుపతి, చిత్తూరు జిల్లా రవాణా అధికారుల ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. రోడ్డు మీద అప్పటికప్పుడు ప్రమాదకరంగా కనబడితే 112కు, ఎవరికైనా దెబ్బ తగిలితే 108కు ఫోన్ చేయాలి.

ఆటోల విషయంలో జుమా నమాజు తరువాత మసీదు కమిటీ పెద్దలు ఒక పది నిమిషాలు కేటాయిస్తే చాలు. ఆటో నడిపేవాళ్లు, తల్లిదండ్రులు ఇద్దరూ అక్కడే ఉంటారు. రెండు ట్రిప్పుల లెక్క అక్కడే కూర్చుని తేల్చుకోవచ్చు. "అల్లాహ్ కాపాడతాడు" అన్న మాట మీద నమ్మకం ఉన్నవాళ్లే తలుపుకు గడియ పెట్టుకుని పడుకుంటారు. బిడ్డకు సీటు అడగడం, బెల్టు పెట్టడం కూడా అలాంటి గడియే.